సన్‌షేడ్‌లో ఇనుము పైనా, కిందా? ఒక కోర్సు మార్చడానికి అయిన ఖర్చు లెక్క

సివిల్ రెండో సంవత్సరానికి నేను పదకొండేళ్ళుగా స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతున్నాను. కాంటిలీవర్ బీమ్ (ఒక చివర మాత్రమే గోడలో బిగించిన దూలం) ఇచ్చి, బరువు దాన్ని ఏ చోట ఎంత వంచుతుందో చూపే బెండింగ్ మూమెంట్ డయాగ్రామ్ గీయమంటే క్లాసులో ముప్పావు వంతు మంది తడుముకోకుండా గీసేస్తారు. బరువు పొడవునా సమంగా ఉంటే గోడ దగ్గర గరిష్ఠం, విలువ మైనస్ డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై టూ (డబ్ల్యూ అంటే మీటరుకి పడే బరువు, ఎల్ అంటే పొడవు). పదికి పది మార్కులు. ఒక రోజు పీరియడ్ ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా ఊరికే అడిగాను, "మీ ఇంట్లో కిటికీ మీద సన్‌షేడ్ ఉంటుంది కదా, అందులో ఇనుము పైవైపు వేస్తారా, కిందివైపు వేస్తారా?" అని. ఇంచుమించు క్లాసంతా ఒకటే మాట: "కింద మేడం." అలా వేసిన సన్‌షేడ్ ఎప్పుడైనా విరిగి కింద పడొచ్చు.

గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన పలక మీద బరువు పడితే పైముఖం సాగుతుంది, కింది ముఖం నొక్కుకుంటుంది. కాంక్రీటుకి నొక్కుడు తట్టుకునే బలం బాగా ఉంటుంది, లాగుడుకి మాత్రం అందులో సుమారు పదో వంతే. అందుకే లాగుడు ఏ పక్కన ఉంటే ఆ పక్కన ఇనుము పెడతారు. రెండు గోడల మధ్య స్లాబుకి అది కింద, సన్‌షేడ్‌కి పైన. డయాగ్రామ్‌లోని మైనస్ గుర్తు చెప్పేది ఈ మాటే. పిల్లలు గుర్తు పెట్టడం నేర్చుకున్నారు, అది ఏం చెబుతోందో నేర్చుకోలేదు. ఈ బ్యాచ్ ఇంతే అని ఒక వారం విసుక్కున్నాను. తర్వాత పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే, ఆ మైనస్‌కి అర్థమేంటని నేను ఏ పరీక్షలోనూ ఒక్కసారి కూడా అడగలేదని తేలింది.

ఆ తర్వాత నాలుగు సెమిస్టర్లలో ఈ కోర్సు చెప్పే పద్ధతి మార్చాం. మాది ఓ జిల్లా కేంద్రానికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే సిలబస్, ప్రశ్నపత్రాలు సొంతంగా పెట్టుకునేది. ఏం చేశామన్నది ఇక్కడ కొంత చెబుతాను. దానికి డబ్బు ఎలా అడిగాం, ఎక్కడ తప్పు అడిగాం అన్నది ఎక్కువ చెబుతాను. పద్ధతి గురించి ఇంటర్నెట్ నిండా ఉంది. డబ్బు గురించి మాత్రం ఎవరూ రాయరు.

పద్ధతి నాది కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌కి 1990 ప్రాంతంలో నాకు ఎదురైన అనుభవమే ఎదురైంది. ఆయన విద్యార్థులు కష్టమైన లెక్కలు చేసేవాళ్ళు, బరువైన లారీ తేలికపాటి కారుని గుద్దితే దేని మీద ఎక్కువ బలం పడుతుందనే సాదా ప్రశ్న దగ్గర తడబడేవాళ్ళు. ఆయన పెట్టిన పద్ధతిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. కాసేపు పాఠం చెప్పి ఒక ప్రశ్న వేస్తారు, నాలుగు జవాబులు ఇస్తారు. ఒక నిమిషం ఎవరికి వాళ్ళు ఆలోచించి ఓటు వేయాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు పక్కవాడితో వాదించుకోవాలి. మళ్ళీ ఓటు. అప్పుడు టీచర్ వివరిస్తారు. మొదటి ఓటులో సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే వాదన బాగా పనిచేస్తుందని, అంతకంటే తక్కువైతే పాఠమే మళ్ళీ చెప్పాలని ఒక మోటు లెక్క ఉంది. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మొదటిసారి అడిగింది

ఓటు అనగానే నాకు మెషీన్ గుర్తొచ్చింది. క్లిక్కర్లు (జవాబు బటన్ నొక్కడానికి ఒక్కో విద్యార్థికి ఇచ్చే చిన్న రిమోట్లు), రిసీవర్, స్మార్ట్ బోర్డు, సాఫ్ట్‌వేర్, అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలకి ప్రపోజల్ పెట్టాను. మూడు కొటేషన్లు, కంపారిటివ్ స్టేట్‌మెంట్, పర్చేజ్ కమిటీ మీటింగ్. రెండు నెలల్లో సాంక్షన్ అయిపోయింది. ఇంత సులువుగా ఎలా ఇచ్చారా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆశ్చర్యం లేదు. వస్తువు కొంటే బిల్లు వస్తుంది, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకి చూపించవచ్చు. స్మార్ట్ బోర్డుకి రిబ్బన్ కూడా కట్టారు.

క్లిక్కర్లు ఒక సెమిస్టర్ కూడా నడవలేదు. ఒక్కో దానికి ఒక సీరియల్ నంబరు. పోతే నా జీతంలోంచి అని స్టాక్ ఇన్‌చార్జి నవ్వుతూనే చెప్పారు. అందుకని క్లాసు మొదట్లో పంచి సంతకాలు తీసుకోవడం, చివర్లో లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం. 50 నిమిషాల పీరియడ్‌లో పన్నెండు నిమిషాలు దానికే. రెండో నెల నుంచి బటన్ బ్యాటరీలు అయిపోవడం మొదలైంది. బ్యాటరీలు కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే వస్తువులు) కిందికి వస్తాయి, నా సాంక్షన్‌లో ఉన్నది ఎక్విప్‌మెంట్ హెడ్, అంటే పరికరాల పద్దు, ఒక్కటే. అవి ఇప్పుడు హెచ్‌ఓడీ గదిలో బీరువా పై అరలో ఉన్నాయి. ఏటా స్టాక్ వెరిఫికేషన్‌కి దించి, లెక్కపెట్టి, మళ్ళీ ఎక్కిస్తాం.

అసలు దెబ్బ బ్యాటరీలది కాదు. మెషీన్ ఉంది, వేయడానికి ప్రశ్నలు లేవు. ముందు రోజు రాత్రి పదకొండింటికి కూర్చుని ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్ పాత పేపర్లలోంచి ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఏరి పెట్టేదాన్ని. అవి లెక్కలు. పిల్లలు కాలిక్యులేటర్ నొక్కి జవాబు కొట్టేవాళ్ళు, పక్కవాడితో మాట్లాడటానికి అందులో ఏమీ ఉండేది కాదు.

గంటల లెక్క

మంచి ప్రశ్నలో సరైన జవాబు రాయడం తేలిక. తప్పు జవాబులు రాయడమే కష్టం. ఆ మూడు తప్పులూ పిల్లలు నిజంగా చేసే తప్పులై ఉండాలి, లేకపోతే వాటిని ఎవరూ ఎంచుకోరు, వాదన పుట్టదు. అంటే పాత జవాబు పత్రాలు చదవాలి, పిల్లల్ని పిలిచి అడగాలి, ఒకసారి వేసి చూసి దిద్దాలి. నా అనుభవంలో ఒక్కో ప్రశ్నకి రెండు గంటలు పట్టింది. మా కోర్సు 48 గంటలు. గంటకి మూడు ప్రశ్నలంటే 144. రెండేసి గంటల చొప్పున 288 గంటలు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు. 288ని 16తో భాగిస్తే 18 వారాలు. ఒక మనిషి ఒక సెమిస్టర్ మొత్తం చెప్పే క్లాసులన్నిటితో సమానమైన పని అది. ఇంటికెళ్ళాక, వంటయ్యాక, పిల్లాడు పడుకున్నాక చేసేది కాదు.

ఈ లెక్క వేసుకున్నాకే నేను అడగాల్సింది ఏమిటో నాకు తెలిసింది. నాకు కావాల్సింది వస్తువులు కాదు, టైమ్.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ తీసుకున్న కార్ల్ వైమన్, కొలరాడో యూనివర్సిటీలోనూ, 2007 నుంచి కెనడాలోని యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలోనూ సైన్స్ కోర్సులు మార్చే పెద్ద కార్యక్రమం నడిపారు. డిపార్ట్‌మెంట్లు ప్రపోజల్ పెట్టి పోటీ పడి నిధులు తెచ్చుకోవాలి. ఆ డబ్బులో ఎక్కువ భాగం మనుషులకే వెళ్ళింది. సబ్జెక్టు తెలిసిన యువ పీహెచ్‌డీలని సైన్స్ టీచింగ్ ఫెలోలుగా పెట్టుకుని, వాళ్ళని ప్రొఫెసర్ల పక్కన కూర్చోబెట్టి కోర్సుని ముక్కముక్కగా మార్చారు. డబ్బు ఒక్కో టీచర్‌కి విడిగా ఇవ్వకుండా డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వడం కూడా కావాలని చేసిందే. ఒక మనిషి చేతిలోని కోర్సు ఆ మనిషి బదిలీ అయితే పాతదారిలోకే వెళ్ళిపోతుంది.

మన దగ్గర కూడా మనుషుల మీద ఖర్చు పెట్టిన సందర్భం లేకపోలేదు. ఇంజనీరింగ్ విద్య నాణ్యత పెంచడానికి ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన టెక్విప్ అనే కేంద్ర ప్రాజెక్టు మూడో దశలో, వెనకబడిన రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీలకి ఐఐటీ, ఎన్ఐటీల్లో చదివిన పదిహేను వందల మందికి పైగా యువ అధ్యాపకుల్ని కాంట్రాక్టు మీద పంపారు. 2021లో ప్రాజెక్టు అయిపోయింది, వాళ్ళ ఉద్యోగాలు కూడా దాంతోనే. మనుషుల మీద పెట్టిన డబ్బుకి ఉండే చిక్కు ఇది. ప్రాజెక్టు పోయాక వస్తువు బీరువాలో మిగులుతుంది, మనిషి మిగలడు. నా రెండో ప్రపోజల్ రాసేటప్పుడు దీని గురించే ఎక్కువ ఆలోచించాను. మనిషి వెళ్ళిపోయినా మిగిలేలా ఆ మనిషి చేత ఏం చేయించుకోవాలి అని.

రెండోసారి అడిగింది

మొత్తం లక్షా ఇరవై వేలు. ఇద్దరు ఎం.టెక్ విద్యార్థులకి నెలకి ఐదేసి వేలు, ఎనిమిది నెలలు: ఎనభై వేలు. నా ఒక థియరీ సెక్షన్‌ని ఒక సెమిస్టర్ పాటు గెస్ట్ లెక్చరర్ చెప్పడానికి, వారానికి నాలుగు గంటలు, గంటకి ఐదొందలు, పదహారు వారాలు: ముప్పై రెండు వేలు. ప్రింటింగ్, లామినేషన్‌కి ఆరు వేలు. మోడళ్ళకి రెండు వేలు.

మూడు లక్షల నలభై వేలు రెండు నెలల్లో ఇచ్చినవాళ్ళు ఈ లక్షా ఇరవై వేలకి ఏడు నెలలు తిప్పారు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, చాలా మర్యాదస్తులు. ఫైలు తిరగేసి, "అమ్మా, ఇందులో కొనేదేమీ లేదు కదా. దీన్ని ఏ హెడ్‌లో వేయమంటారు?" అన్నారు. గెస్ట్ ఫ్యాకల్టీ హెడ్ ఖాళీ పోస్టులకి మాత్రమే. మన పిల్లలకి మనమే డబ్బివ్వడానికి హెడ్ లేదు. కాలేజీ యాజమాన్యం తరఫున ఉండే కరస్పాండెంట్ గారు ఇంకా సూటిగా అడిగారు. "మేడం, మీరు క్లాసు తగ్గించుకోడానికి నేను డబ్బు కట్టాలా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి జీతాలే ఆలస్యమవుతున్న రోజులు, ఆయన కష్టం ఆయనది. మూడ్రోజుల తర్వాత రెండు కాగితాలు పట్టుకుని వెళ్ళాను. ఒకటి, 288 గంటల లెక్క. రెండోది, బీరువాలో ఉన్న క్లిక్కర్ల స్టాక్ లిస్టు, వాటి ధరతో సహా. అమెరికా అధ్యయనాలు కూడా తీసుకెళ్ళాను. 2014లో 225 అధ్యయనాలని కలిపి చూసిన ఫ్రీమన్ బృందం, లెక్చర్ మాత్రమే వినే క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, విద్యార్థులు పాల్గొనే క్లాసుల్లో 21.8 శాతం ఫెయిలయ్యారని తేల్చింది. ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, "అది వాళ్ళ దేశం" అన్నారు. స్టాక్ లిస్టు మాత్రం రెండుసార్లు చదివారు.

సంతకం పడింది, "వన్ టైమ్" అని పక్కన రాసి. విద్యార్థుల డబ్బు చివరికి ల్యాబ్ అసిస్టెన్స్ కింద వేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కాలేజీల్లో ఇన్నోవేషన్ అంటే హ్యాకథాన్, స్టార్టప్, డ్రోన్. బోధనలో ఇన్నోవేషన్ అంటే, కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ కోసం పెట్టే ఫైల్లో ఒక కాలమ్. ఒక దేశం ఇంజనీరింగ్ డిగ్రీల గుర్తింపుని ఇంకో దేశం ఒప్పుకునే వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో మన దేశం శాశ్వత సభ్యత్వం తెచ్చుకున్నాక, అవుట్‌కమ్ (విద్యార్థి చివరికి ఏం నేర్చాడన్నది) పేరుతో కాగితాలు గుట్టలుగా పెరిగాయి. ఆ కాలమ్‌లో మా డిపార్ట్‌మెంట్ ఏళ్ళ తరబడి "పీపీటీ, వీడియో, చాక్ అండ్ టాక్" అని రాసుకొచ్చింది. చాక్ అండ్ టాక్‌ని ఇన్నోవేషన్ అని రాసింది నేనే. సంతకం ఇప్పటికీ ఉంది.

ఆ రోజు క్లాసు

క్లిక్కర్ల స్థానంలో నాలుగు రంగుల అట్టలు. ఏ ఎరుపు, బీ నీలం, సీ పసుపు, డీ ఆకుపచ్చ. కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో మందం కాగితం మీద వేయించి లామినేషన్ చేయించాం. ప్రతి విద్యార్థికీ ఒక సెట్టు, ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు, పోగొట్టుకుంటే జిరాక్స్ షాపుకి పోయి వాడే వేయించుకోవాలి. ఓటు వేసేటప్పుడు అట్టని గుండెకి ఆనించి పట్టుకోవాలి, అప్పుడు పక్కవాడికి కనబడదు, నాకు కనబడుతుంది. రంగులు ఎంతమందివో చూడటానికి పది సెకన్లు చాలు.

సన్‌షేడ్ ప్రశ్న కొత్త బ్యాచ్‌కి వేశాను. 58 మంది ఉన్నారు. "ఇనుము కింద" అని నీలం అట్టలు వరసకట్టి లేచాయి. "పైన" అన్నది పదకొండు మంది. ముప్పై శాతం కంటే తక్కువ, లెక్క ప్రకారం నేను ఆపి మళ్ళీ చెప్పాలి. కానీ ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది వెనక రెండు బెంచీల వాళ్ళే. లేటరల్ ఎంట్రీ పిల్లలు, పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చినవాళ్ళు. మేథ్స్ వెనకబడతారని, ఇంగ్లిష్ రాదని వీళ్ళని అందరూ ఓ మెట్టు కిందే చూస్తారు. క్లాసులో నోరు విప్పరు. సరే చూద్దామని వాదించుకోమన్నాను, తెలుగులోనే, ముందు బెంచీ వెనక్కి తిరగాలి అన్న షరతుతో.

ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి సూత్రంతో మొదలుపెట్టింది. బెండింగ్‌లో టెన్షన్ కింద వస్తుంది కాబట్టి ఇనుము కింద అని. వెనక బెంచీ అబ్బాయి వాళ్ళ నాన్న మేస్త్రి. అతను అన్నాడు, "మా నాన్న సన్‌షేడ్ పోసేటప్పుడు రాడ్ల మీద కాలు వేస్తే కొడతాడు. పై రాడ్డు కిందికి దిగిపోతే షేడ్ పడిపోద్ది అంటాడు." ఎందుకు పడిపోతుందని ఆ అమ్మాయి. అతనికి చెప్పడం రాలేదు. అరచేయి చాచి, రెండో చేత్తో వేళ్ళ చివర కిందికి నొక్కి చూపించాడు. "ఇదిగో, ఈ పైన చర్మం లాగుతోందా, లేదా?"

రెండో ఓటులో 34 మంది పైన అన్నారు. అప్పుడు స్పాంజి తీశాను. పరుపుల షాపులో అడిగి తెచ్చిన ముక్క, రెండడుగుల పొడవు, పక్క ముఖం మీద స్కెచ్ పెన్నుతో అంగుళానికొక నిలువు గీత. ఒక చివర బల్లకి అదిమిపెట్టి రెండో చివర నొక్కితే, పైన గీతల మధ్య దూరం పెరిగింది, కింద తగ్గింది. తర్వాత రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కాను. ఈసారి తిరగబడింది. వెనక బెంచీ నుంచి ఎవరో, "అయితే మైనస్ అంటే అదేనా మేడం, తిరగబడటమేనా?" అన్నారు. పదకొండేళ్ళలో నా క్లాసులో ఆ మైనస్ గురించి వచ్చిన మొదటి ప్రశ్న అది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చి స్పాంజి ఒకసారి ఇవ్వమని అడిగింది. హాస్టల్‌కి తీసుకెళ్ళింది. రెండ్రోజుల తర్వాత దాని మీద కాఫీ మరకతో వెనక్కి వచ్చింది.

తేడా కొట్టినవి

మొదటి సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్‌లో నా స్కోరు పడిపోయింది. "మేడం పాఠం చెప్పట్లేదు, మమ్మల్నే చెప్పుకోమంటున్నారు" అని రాశారు. హార్వర్డ్‌లోనే 2019లో ఒక అధ్యయనం వచ్చింది. పాల్గొనే క్లాసుల్లో విద్యార్థులు ఎక్కువ నేర్చుకుని కూడా తక్కువ నేర్చుకున్నామని అనుకుంటారట. చెమట పడితే కష్టంగా ఉంటుంది, చక్కటి లెక్చర్ వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. నాకది ఊరటే కానీ, ఇంక్రిమెంట్ ఫైల్లో ఉండేది ఫీడ్‌బ్యాక్ స్కోరే. రెండో ఏడాది మొదటి వారంలోనే ఈ పద్ధతి ఎందుకో పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాను, ఆ ఫిర్యాదు కొంత తగ్గింది.

మిడ్ పరీక్షలో పాత బ్యాచ్‌కీ కొత్త బ్యాచ్‌కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకొస్తుంది? పేపర్ మళ్ళీ "డయాగ్రామ్ గీయుము" అనే అడిగింది. ఆల్ ఇన్ వన్ చదివినా అది వస్తుంది. మేం చెప్పే పద్ధతి మార్చి, అడిగే పద్ధతి మార్చలేదు. మాది అటానమస్ కాబట్టి, సిలబస్ ఖరారు చేసే మా బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి, ప్రతి పేపర్‌లో కనీసం పది మార్కులకి లెక్క లేని ప్రశ్న ఉండాలని రాయించగలిగాం. యూనివర్సిటీ పేపర్ రాసే అఫిలియేటెడ్ కాలేజీ అయితే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. ఈ మార్పుకి పైసా ఖర్చు కాలేదు, పట్టింది ఒక ఏడాది.

పక్క సెక్షన్‌లో మా సహోద్యోగి అవే ప్రశ్నలు వేశారు, కానీ వాదన తీసేశారు. సిలబస్ అయిపోవాలన్నది ఆయన టెన్షన్. ఓటు వేయించడం, జవాబు చెప్పేయడం. అది క్విజ్ అయిపోయింది. పిల్లలకి నచ్చింది, ఆయనకీ నచ్చింది. నాకు ఏమనాలో తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. సిలబస్ విషయంలో ఆయన తప్పేం కాదు, నేను కూడా చివరి యూనిట్‌లో రెండు టాపిక్‌లు ఇంట్లో చదువుకోమని వదిలేశాను.

ఇప్పుడు

ఎం.టెక్ పిల్లలిద్దరూ చదువయ్యాక వెళ్ళిపోయారు. ఒకరు హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో ఉన్నారు. 144 అనుకున్న ప్రశ్నల్లో 117 అయ్యాయి. ప్రతి ప్రశ్న కింద మూడు సంగతులు రాయించాను: ఏ తప్పు ఆలోచన కోసం ఈ ప్రశ్న, మొదటి ఓటు ఎంత, రెండో ఓటు ఎంత. వాళ్ళకిచ్చిన ఎనభై వేలల్లో మిగిలింది ఆ కాగితమే. నిరుడు కొత్తగా చేరిన లెక్చరర్ మొదటి వారం నుంచే దాన్ని వాడుతున్నాడు. ఇరవై ఎనిమిదో ప్రశ్నలో సీ జవాబుని ఎవరూ ఎంచుకోవట్లేదని తీసేసి, తన క్లాసులో ఒకడు అన్న మాటని అక్కడ పెట్టాడు. నన్ను అడగలేదు. సంతోషించాను.

ఈ ఏడాది మిగతా 27 ప్రశ్నల కోసం, ఫ్లూయిడ్ మెకానిక్స్ కోర్సు మొదలుపెట్టడం కోసం ఇద్దరికి వారానికి నాలుగేసి గంటలు వర్క్‌లోడ్ తగ్గించమని మాత్రమే అడిగాను. ప్రిన్సిపాల్ గారు ఒకరికి ఒప్పుకున్నారు. టైమ్ టేబుల్ ఇన్‌చార్జి నా వైపు చూసి, ఆ నాలుగు గంటలు ఎవరి నెత్తిన వేయమంటారని అడిగాడు. ఇంకా తేలలేదు. స్పాంజి మాత్రం పిండి పిండిగా రాలిపోతోంది. పరుపుల షాపుకి మళ్ళీ వెళ్ళి ఒక ముక్క కోయించుకొచ్చాను, నూట ఇరవై రూపాయలు, బిల్లు తీసుకోలేదు.